క్లాస్‌మేట్లే ఫేక్ అకౌంట్ పెట్టి ఏడిపిస్తుంటే స్కూలు ఏం చేయాలి, పోలీసుల దాకా ఎప్పుడు వెళ్లాలి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర. మా పాప ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. స్కూలు ఫంక్షన్‌లో డాన్స్ చేసిన ఫొటో తీసుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో పాప పేరుతో ఫేక్ అకౌంట్ పెట్టారు. వాట్సాప్‌లో పాప మొహంతో స్టికర్లు చేసి, రంగు మీద వెక్కిరిస్తున్నారు. చేస్తున్నది క్లాసు పిల్లలే. స్కూల్లో అడిగితే "ఇళ్లలో ఫోన్లతో చేసుకున్నదానికి మేమేం చేస్తాం" అన్నారు. మావారు హైదరాబాద్‌లో పని చేస్తారు, కేసు పెట్టేయమంటున్నారు. ఊళ్లోవాళ్లేమో పిల్లల జీవితాలు పాడైపోతాయి, వద్దంటున్నారు. పాప బడికి వెళ్లనంటోంది. ఏం చేయమంటారు మాస్టారూ?

జవాబు:

అమ్మా, కేసు సంగతి రేపు తేల్చుకోవచ్చు. ఈ రాత్రికి మాత్రం పాప చేతిలోంచి ఫోన్ లాక్కోకండి. "ఈ ఫోన్ వల్లే ఇదంతా" అనే మాట నోటిదాకా వస్తుంది, అయినా ఆపుకోండి. మన వైపు చాలా ఇళ్లలో నాన్న హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటాడు, తీరం ఊళ్లవాళ్లయితే గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీద ఉంటారు. పిల్లలకి నాన్న కనిపించేది రాత్రి వీడియో కాల్‌లోనే. ఫోన్ తీసేసుకుంటే ఏడిపించినవాళ్లకి ఏమీ కాదు, మీ పాపకే శిక్ష పడుతుంది. పైగా రేపు ఇంతకంటే పెద్దది ఏదైనా జరిగినా మీకు చెప్పదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పాను, హెడ్మాస్టరుగా చేశాను, రిటైరయ్యాక తప్పు చేసిన పిల్లల కేసులు చూసే బాల న్యాయ మండలిలో సభ్యుడిగా పనిచేశాను. ఏడ్చిన పిల్లల్నీ చూశాను, ఏడిపించిన పిల్లల్నీ దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాను. మండలి దాకా వచ్చిన ఇలాంటి గొడవల్లో చాలా వరకు మొదటి వారంలోనే స్కూల్లో ఆగిపోవాల్సినవి. నోటిమాటగా చెప్పారు, నోటిమాటగా సర్ది పంపించేశారు, కాగితం మీద ఎవరూ పెట్టలేదు. అందుకే ముదిరాయి. అందుకని నేను చెప్పేది ఇది: ముందు స్కూలు చేత రాతమూలకంగా పని చేయించండి. అయితే కొన్ని గీతలున్నాయి. విషయం అవి దాటితే స్కూల్లో రాజీ చేసే హక్కు హెడ్మాస్టరుకీ లేదు, ఊరి పెద్దలకీ లేదు.

ముందు ఆ గీతల గురించి చెప్తాను. పాపని నెమ్మదిగా అడగండి. బట్టలు లేనట్టు మార్చిన ఫొటో ఏదైనా వచ్చిందా? అలాంటి ఫొటో పంపమని ఎవరైనా అడిగారా? పంపకపోతే ఏదో చేస్తామని బెదిరించారా? డబ్బులు అడిగారా? ఆ గ్రూపులో క్లాసు పిల్లలు కాకుండా పెద్దవాళ్లెవరైనా ఉన్నారా? అమ్మకి చెప్పడానికి సిగ్గుపడితే పిన్నికో మేనత్తకో చెప్పనివ్వండి. వీటిలో ఒక్కదానికి అవునన్నా, ఇక స్కూలు కోసం ఆగొద్దు, నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.

"యాప్‌తో చేసిందే కదా, నిజం ఫొటో కాదు కదా" అనేవాళ్లు ఉంటారు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, కంప్యూటర్‌తో తయారుచేసినా నిజం పిల్లలాగే కనిపించే అశ్లీల చిత్రాన్ని కూడా అందులోకి తెచ్చారు. అలాంటి చిత్రాన్ని బయటపెడతామని బెదిరించడం కూడా, అసలు ఎవరికీ పంపకపోయినా, ఆ చట్టం సెక్షన్ 11 కిందికి రావచ్చు. ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద పిల్లల అశ్లీల చిత్రాలు పంచితే మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. ఇలాంటిది తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే పోక్సో సెక్షన్ 19, 21 ప్రకారం అది కూడా నేరమే, ఆరు నెలల వరకు జైలు ఉంది. హెడ్మాస్టరు గారు "స్కూలు పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అంటే, ఆ పరువు కోసం ఆయన తన ఉద్యోగాన్నే ప్రమాదంలో పెట్టుకుంటున్నారని మర్యాదగా గుర్తు చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు. అలాంటి ఫొటో మీ కంటబడితే సాక్ష్యం కోసమని మీ ఫోన్‌కి పంపుకోకండి, మావారికి చూపిస్తానని హైదరాబాద్ పంపకండి, టీచరుకి ఫార్వర్డ్ చేయకండి. పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకోవడం, చూడడం గురించి సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్ 23న చాలా గట్టి తీర్పు ఇచ్చింది. ఏ ఫోన్‌లో వచ్చిందో ఆ ఫోన్‌నే తీసుకెళ్లి స్టేషన్‌లో చూపించండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికి మీ సంగతి ఆ గీతకి ఇవతలే ఉంది. అంతమాత్రాన చిన్నదని కాదు. పదమూడేళ్ల పిల్లకి క్లాసు మొత్తం తన మొహాన్ని స్టికర్‌గా వాడుకోవడం అంటే ఏమిటో పెద్దవాళ్లకి తొందరగా అర్థం కాదు. ఎవరో "హాయ్" అంటే జవాబుగా ఆ స్టికర్ పడుతుంది. ఎవరో హోమ్‌వర్క్ అడిగితే మళ్లీ అదే. ఒక్క తిట్టు మాట కూడా ఉండదు, రోజుకి ఎన్నిసార్లు పడుతుందో లెక్క ఉండదు. పాపేమో అదంతా చూస్తూనే ఉంటుంది, ఎందుకంటే రేపటి పరీక్ష టైమ్‌టేబుల్ కూడా ఆ గ్రూపులోనే వస్తుంది. "గుంటలన్నాక ఎక్కిరించుకోరేటి" అని ఊళ్లో తేలిగ్గా తీసేసేది దీన్నే. వాళ్ల చిన్నప్పుడు వెక్కిరింత బడి గంట కొట్టేసరికి ఆగేది, ఇది ఇంటికొచ్చి మంచం దగ్గర కూడా ఆగదు.

ఇక ఆధారాలు. రిపోర్ట్ కొట్టి అకౌంట్ తీయించేయాలని తొందరపడకండి, ముందు అన్నీ దాచుకోండి. ఫేక్ అకౌంట్ ప్రొఫైల్ పేజీ, పోస్టులు, కామెంట్లు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. యూజర్‌నేమ్ ఎప్పుడైనా మార్చేస్తారు కాబట్టి ప్రొఫైల్ లింక్ కాపీ చేసి ఎక్కడైనా రాసిపెట్టండి. వాట్సాప్ గ్రూప్ ఇన్ఫోలో ఆ గ్రూపు ఎవరు, ఎప్పుడు తయారుచేశారో ఉంటుంది, అదీ తీయండి. పాప కోపంతో గ్రూపులోంచి బయటికి వచ్చేయకముందే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టి ఉంటే ఇవాళే చేయాలి. ఆ ఫోన్‌ని మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టు దాకా వెళ్తే అడిగేది ఫోన్‌నే.

అది అయ్యాక రిపోర్ట్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కితే, వేరేవాళ్లలా నటిస్తున్నారని చెప్పే చోటు ఉంటుంది, పిల్ల తరఫున తల్లి కూడా ఇవ్వొచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల్లో, మరొకరిలా నటించే ఖాతాల మీద, మార్ఫింగ్ చేసిన ఫొటోల మీద బాధితులుగానీ వాళ్ల తరఫువాళ్లుగానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని రాశారు, 2026 ఫిబ్రవరిలో ఆ గడువుని రెండు గంటలకి తగ్గించారు. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాలని కూడా ఉంది. కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్లే అవసరం వస్తే నెలల తరబడి నానబెట్టకండి. ఒకవేళ బట్టలు లేని ఫొటో సంగతి బయటపడితే, 18 ఏళ్లలోపు పిల్లల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి పోదు, దాని గుర్తుగా ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. దాన్ని బట్టి ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫొటోని పట్టి తీసేస్తాయి.

ఇప్పుడు స్కూలు. "బయట జరిగింది, మాకు సంబంధం లేదు" అన్న మాటని ఒప్పుకోకండి. చేసినవాళ్లు వాళ్ల విద్యార్థులు, పడినది వాళ్ల విద్యార్థిని, ఫొటో వాళ్ల ఫంక్షన్‌ది, బడి మానేసింది వాళ్ల బడే. కేంద్ర విద్యాశాఖ 2021లో స్కూలు భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లల ఫిర్యాదు మీద చర్య తీసుకోకపోవడం, ఒక విద్యార్థిని మిగతావాళ్లు వేధిస్తుంటే ఆపకపోవడం అందులో నిర్లక్ష్యం కిందే పెట్టారు. ప్రైవేటు స్కూలైతే యాజమాన్యం, ప్రిన్సిపాల్ జవాబుదారీ అన్నారు. సీబీఎస్‌ఈ స్కూలైతే 2015 నుంచే బుల్లీయింగ్, ర్యాగింగ్ అరికట్టడానికి కమిటీ ఉండాలని బోర్డు చెప్పింది, ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. అందరూ దాన్ని ఇంజనీరింగ్ కాలేజీల చట్టం అనుకుంటారు గానీ, తోటి విద్యార్థిని అవమానించడం, భయపెట్టడం కూడా ర్యాగింగే అని అందులో ఉంది.

ఇవన్నీ వాళ్ల ముందు ఏకరువు పెట్టక్కర్లేదు. ఒక్క పేజీ ఉత్తరం చాలు. ఇలా రాయండి: "మా అమ్మాయి ఎనిమిదో తరగతి ఫలానా సెక్షన్. ఫలానా తేదీ నుంచి తోటి విద్యార్థులు ఆమె ఫొటోతో నకిలీ ఖాతా నడుపుతున్నారు. స్టికర్లు తయారుచేసి గ్రూపుల్లో పంపుతున్నారు. దీనివల్ల ఆమె ఫలానా తేదీ నుంచి బడికి రాలేకపోతోంది. ఆధారాలు జతచేశాను. తీసుకున్న చర్యను ఏడు రోజుల్లో రాతమూలకంగా తెలియజేయగలరు." రుజువున్న పేర్లే రాయండి, అనుమానం ఉన్నవాళ్లని అనుమానం అనే రాయండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టం అని అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే అదే ఉత్తరం మండల విద్యాధికారికి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికి (డీఈఓ) ఇవ్వండి. ప్రైవేటు స్కూలు కూడా వాళ్ల పర్యవేక్షణలోదే. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అర్జీకి నంబరు పడితే కింది ఆఫీసు సమాధానం రాయక తప్పదు.

స్కూలు ఏం చేయాలో కూడా మీరే అడగండి. చాలా స్కూళ్లకి ఏం చేయాలో నిజంగా తెలియదు. తెలియక రెండు ఘోరాలు చేస్తారు. ఒకటి, ఏడిపించిన పిల్లల్ని అసెంబ్లీలో నిలబెట్టి చేసిందంతా అందరి ముందూ చెప్పించడం. దాంతో ఆ స్టికర్ చూడని పిల్లలు కూడా ఆ సాయంత్రమే వెతికి చూస్తారు. రెండోది, ఆ పిల్లల్నీ మీ పాపనీ ఒకే గదిలో కూర్చోబెట్టి "సారీ చెప్పు, షేక్‌హ్యాండ్ ఇవ్వు" అనడం. భయపడుతున్న పిల్ల ఆ గదిలో "పర్వాలేదు సార్" అంటుంది, ఇంకేమంటుంది? అక్కడితో ఫైలు మూసేస్తారు. అలా వద్దు, విడివిడిగా మాట్లాడండి అని చెప్పండి. పాప నమ్మే టీచరు ఒకరిని ఆమెకి అప్పగించాలి. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని వేరువేరుగా పిలవాలి. ఫోన్లలోని స్టికర్లు, ఫొటోలు తల్లిదండ్రుల ఎదురుగా తీసేయించాలి, అది ఆధారాలు మీ దగ్గర భద్రంగా ఉన్నాకే. సెక్షన్ మార్చాల్సి వస్తే మారాల్సింది వాళ్లు, మీ పాప కాదు.

ఆ చివరి మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే "టీసీ తీసుకుని వేరే స్కూల్లో చేర్చుకోండి, పాపకి కూడా మంచిది" అనే సలహా తప్పకుండా వస్తుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ స్కూలు నుంచి తీసేయకూడదు. ఏడిపించిన పిల్లలకీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి వాళ్లని గెంటేయమని మీరూ పట్టుబట్టకండి. సెక్షన్ 17 కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధిస్తుంది. మీ పాప కోసమని మాస్టారు ఆ పిల్లల్ని బెత్తంతో కొడితే అది చట్టవిరుద్ధం. మర్నాటి నుంచి ఆ పగంతా మీ పాప మీదికే మళ్లుతుంది.

ఇక మీవారు అడుగుతున్న కేసు సంగతి. దేశమంతటా వర్తించేలా సైబర్ బుల్లీయింగ్ అని పేరు పెట్టిన సెక్షన్ లేదు. జరిగిన పనిని బట్టి సెక్షన్ పడుతుంది. వేరొకరి గుర్తింపు వాడుకుని ఖాతా నడిపితే ఐటీ చట్టం 66సి, 66డి. ఒంటి మీది ఆంతరంగిక భాగాల ఫొటో తీసి పంచితే 66ఈ. బెదిరింపులైతే భారతీయ న్యాయ సంహితలో 351. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టే మగపిల్లాడైతే 78. ఆ సంహిత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, ఐపీసీ నంబర్లు ఇక పనికిరావు. ఎవరైనా "66ఎ కింద లోపల వేయిస్తాం" అంటే నమ్మకండి, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. రంగు మీద వెక్కిరించడానికి ప్రత్యేకంగా చట్టం లేదు. కానీ కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. సీతంపేట, కురుపాం వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే సవర, జాతాపు పిల్లల మాటని, పేర్లని గ్రూపుల్లో ఎగతాళి చేయడం చూశాను. వాళ్ల తల్లిదండ్రులకి ఫోన్ వాడకమే సరిగా రాదు. అలాంటి పిల్లల తరఫున టీచర్లే ముందుకు రావాలి.

కేసు పెడితే ఆ పిల్లలు జైలుకి పోతారా? పోరు. 18 ఏళ్లలోపు వాళ్లని జైల్లోగానీ లాకప్‌లోగానీ పెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టం స్పష్టంగా చెప్తోంది. కనీస శిక్షే ఏడేళ్లున్న ఘోర నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసినదో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదని 2016 నిబంధనలున్నాయి. స్టేషన్ డైరీలో రాసి, ఆ పిల్లాడి ఇంటి పరిస్థితి మీద నివేదికతో బాల న్యాయ మండలికి పంపుతారు. మండలి మందలించి ఇంటికి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కి పంపొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు. ఆ రికార్డు రేపు ఉద్యోగానికి అడ్డు రాకూడదని కూడా చట్టంలో ఉంది. "పిల్లల జీవితాలు పాడవుతాయి" అని మీ పాపని నోరు మూసుకోమనేవాళ్లకి ఇది చెప్పండి. "వాళ్లని లోపల వేయించాలి" అంటున్న మీవారికీ ఇదే చెప్పండి. మండలి ముందుకి వచ్చిన పిల్లల్లో చాలామంది అక్కడ కూర్చున్న రోజే, అవతలి పిల్ల రాసిన మాటలు చదివి వినిపించినప్పుడే, తాము చేసినదేమిటో మొదటిసారి తెలుసుకోవడం చూశాను. స్కూలు ఆ పని ముందే చేస్తే మండలి అవసరమే రాదు.

స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి, ప్రతి స్టేషన్‌లో ఒకరిని నియమించి ఉండాలి. పోక్సో కేసైతే పాప వాంగ్మూలం ఇంటి దగ్గర తీసుకోవచ్చు. వీలైనంతవరకు మహిళా ఎస్ఐ, యూనిఫామ్ లేకుండా తీసుకోవాలి. ఐటీ చట్టం కేసులని ఇన్‌స్పెక్టర్, ఆ పై అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి ఎస్ఐ గారు "సీఐ గారు చూడాలమ్మా" అంటే అది నిజమే. కానీ ఫిర్యాదు తీసుకోవడానికి అది అడ్డు కాదు. మా పరిధి కాదన్నా వినకండి, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. స్టేషన్‌కి వెళ్లడం ఇబ్బంది అనుకుంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద పెట్టండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. పిల్లల విషయం ఏదైనా 1098కి. లాయర్ ఖర్చు గురించి భయపడకండి, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

పాప బడికి వెళ్లననడం గురించి. రెండు మూడు రోజులు ఇంట్లో ఉండనివ్వండి, అంతకు మించి సాగనివ్వకండి. మానేసిన కొద్దీ గేటు దాటడం కష్టమవుతుంది. ఉత్తరం ఇచ్చిన రోజే ఏ టీచరు ఆమెని గేటు దగ్గర కలుస్తారో మాట్లాడుకోండి, ఆ క్లాసులోనే పాప పక్షాన ఉండే స్నేహితురాలు ఒకరు ఉండే ఉంటారు, ఆ అమ్మాయితో కలిపి పంపండి. మీవారిని రాత్రి కాల్‌లో కేసు సంగతి కాకుండా పాపతో మామూలు కబుర్లు చెప్పమనండి. తిండి మానేసినా, నిద్రపట్టకపోయినా, "నేనుండకపోతే బాగుణ్ణు" లాంటి మాట ఒక్కటి వచ్చినా దాన్ని మాటవరసకి అన్నదని వదిలేయకండి. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. పాపని ఆ రోజు ఒంటరిగా ఉంచొద్దు.

ఒకటి మర్చిపోకుండా అడగండి: ఆ డాన్స్ ఫొటో ఆ పిల్లలకి ఎక్కడ దొరికింది? చాలాసార్లు అది స్కూలు ఫేస్‌బుక్ పేజీలోనో, అడ్మిషన్ల కోసం పెట్టే వాట్సాప్ స్టేటస్‌లోనో, పేరూ తరగతీ రాసి మరీ ఉంటుంది. మీ ఉత్తరంలో ఇంకో వాక్యం చేర్చండి, మా అమ్మాయి ఫొటోలు, వీడియోలు స్కూలు పేజీల్లోంచి తీసేయండి, ఇకమీదట మమ్మల్ని అడగకుండా పెట్టొద్దు అని. ఉత్తరానికి జవాబేమొచ్చిందో రాయండి, దాన్ని బట్టి డీఈఓకి ఏం రాయాలో చెప్తాను.